హెలిపాడ్ మీద చూడిగేదె

వరదకు మునిగే ఊరికి ప్రభుత్వం ఒకే ఒక్క ఎత్తయిన దిబ్బ కట్టించి, దాని మీద పశువును కట్టడం నేరమంటే, ఆ పశువును ఎక్కడ కట్టాలో మీరు చెప్పగలరా?

గడ్డిలంక కాంతానికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. గోదావరి పాయల నడుమ ఉన్న ఆ లంకకు వంతెన లేదు. వరదల్లో హెలికాప్టర్ దిగడానికి మట్టి పోసి, సిమెంటు పరిచిన హెలిపాడ్ ఉంది. దానికి కాపలా త్రిమూర్తులు. కాంతానికి ఒక గేదె ఉంది. దాని పాలే ఆమె బతుకు. ఏరు పొంగినప్పుడల్లా ఆమె గేదెను దిబ్బ మీదికి తోలడం, అతను కర్ర పట్టుకు రావడం మామూలే.

"ఇది ఇమానం దిగే చోటక్కా! నీ గేదె పేడెయ్యడానిక్కాదు."

"నీ ఇమానం ఎప్పుడొస్తాదో దేవుడికెరుక. నువ్వు తాగే టీలో పాలెవరియ్యి తమ్ముడూ?"

"ఆయ్, అందుకే ఊరుకుంటన్నాను."

ఈ ఆగస్టులో ఏరు ఒక్కసారిగా పెరిగింది. ఊరివాళ్లు పశువులతో సహా పంటు పడవ మీద అవతలి గట్టుకు చేరారు. కాంతం గేదె నిండుచూడిది. పంటు ఎక్కనని మొరాయించింది. దాన్ని వదల్లేక ఆమె దిబ్బ మీదే ఉండిపోయింది. త్రిమూర్తులు, కడుపుతో ఉన్న తన కూతురు యామినితో ఆఖరి ట్రిప్పు కోసం ఆగాడు. ఆ ట్రిప్పు రాలేదు. వడికి పంటు నిలిచిపోయింది. అంతలో యామినికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి.

అతను ఫోన్ చేస్తే హెలికాప్టర్ వచ్చింది, కానీ దిగలేదు. గేదె బెదిరిపోయి కట్టుకొయ్య చుట్టూ గింజుకుంటోంది. పశువును తప్పించమని పైనుంచి చేత్తో సైగ చేశారు. తప్పించడానికి చుట్టూ నీళ్లే తప్ప నేల లేదు.

త్రిమూర్తులు ఈసారి కర్ర ఎత్తలేదు.

"అడగవేం?" అంది కాంతం.

"ఎలా అడగనక్కా? అదీ వట్టిమనిషి కాదు గదా."

చాప మీద యామిని ఏడుపు కూడా మానేసి, పళ్లు బిగించి పడుకుంది. ఈ వడిలో చూడిగేదె గట్టు చేరుతుందని ఎవరూ పూచీ పడలేరు.

కాంతం కొయ్య దగ్గర ముడి విప్పింది. ఏ కొమ్మకూ తగులుకోకుండా మెడలోని పలుపు కూడా తీసేసింది.

"ఈత నీకు నేను నేర్పాలేంటే? నేనీ ఇమానంలో ఎల్లి గట్టు మీదుంటాను, వచ్చెయ్," అంటూ దాని వీపు మీద చరిచి, ఏట్లోకి దించేసింది.