బాపు విన్న మాట, నేను విన్న సైరన్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి ఏడిపించే మనిషిని నేను. మా చర్చిలో ఎవరికైనా దర్శనం వచ్చిందని సాక్ష్యం చెబితే, రాత్రి ఏం తిని పడుకున్నారని అడగాలనిపించేది. ఇది చదివి మీరు నన్నూ ఏడిపిస్తే కాదనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేము నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ సైరన్ కూస్తేనే మా వాడకట్టులో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. సైరన్ కూడా అప్పుడే ఆగిపోయింది.

నేను నిజామాబాద్‌లో టైలరింగ్ షాపు నడుపుతాను. పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు. చేతిలో కత్తెర ఉండటంతో స్పీకర్ పెట్టి ఫోన్‌ను బల్ల మీద ఉంచాను. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన సుజాతక్క ఎదురుగా కూర్చుని ఉంది.

"కడుపుల గ్యాస్ పట్టినట్టున్నది బిడ్డా. పొద్దటిసంది ఒకటే నొప్పి. సోడా తాగిన. జరసేపు పండుకుంట," అన్నాడు బాపు. అవ్వ ఆ రోజు ముప్కాల్‌లో మా చిన్నమ్మ ఇంటికి పోయింది. ఇంట్లో బాపు ఒక్కడే.

"సరే బాపు, పండుకో. తగ్గకపోతె మల్ల ఫోన్ జెయ్యి," అన్నాను. నేను అన్నది అంతే.

అప్పుడు ఫోన్‌లో సైరన్ వినిపించింది. మెల్లగా మొదలై పొడుగ్గా సాగే ఆ కూత చిన్నప్పటి నుంచీ నా చెవుల్లో ఉన్నదే. అది ఆగేసరికి ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే బాపు ఎత్తలేదు.

"గా సైరన్ ఏందక్కా?" అని సుజాతక్కను అడిగాను.

"ఏం సైరన్? నాకేం ఇనవడలే. నువ్వు కత్తెర పట్టుకొని ఊకె నిలవడ్డవ్," అంది ఆమె, నన్ను వింతగా చూస్తూ.

బోధన్‌లో బాపు పక్కింట్లో ఉండే ఆటో సాయిలన్నకు ఫోన్ చేశాను. ఎందుకు భయపడుతున్నానో చెప్పలేక, ఒకసారి చూడమని మాత్రం బతిమాలాను. ఆయన బయటికి వచ్చేసరికి బాపు రోడ్డు అంచున పడి ఉన్నాడు. ఒళ్లంతా చల్లటి చెమటలు. ఒక్కడే ఉన్నప్పుడు బాపు లోపల గొళ్లెం పెట్టుకుని పడుకుంటాడు. ఆ రోజూ అలాగే పడుకుని ఉంటే, నిద్రపోతున్నాడనుకుని సాయిలన్న తలుపు కొట్టి వెనక్కి వెళ్లిపోయేవాడు.

సాయిలన్న తన ఆటోలోనే నిజామాబాద్ ఆసుపత్రికి తెచ్చాడు. అక్కడ స్కాన్ తీశారు. పొట్టలోకి సూది పెడితే రక్తం వచ్చింది. కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందని, అది పగిలి లోపలే రక్తం కారుతోందని డాక్టరమ్మ చెప్పింది. అలాంటిది ఒకటి ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

"క్యాన్సర్ సంగతి తర్వాత. ముందు రక్తం ఆగాలి. ఇట్లా గడ్డ పగిలినోళ్లు చాలామంది మా దాకా రానే రారమ్మా," అంది ఆమె.

రక్తం ఎక్కిస్తూనే అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. అక్కడ తొడ దగ్గరి రక్తనాళంలోంచి కాలేయం దాకా సన్నటి గొట్టం పంపి, రక్తం కారుతున్న నాళాన్ని మూసేశారు. బాపు కోలుకున్నాక, జబ్బు ఇంకెక్కడికీ పాకలేదని చూసుకుని, ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న ముక్కను తీసేశారు. పగిలిన గడ్డ కాబట్టి తిరిగొచ్చే భయం ఎక్కువేనని డాక్టర్లు దాచకుండా చెప్పారు. పిలిచినప్పుడల్లా స్కాన్లకు వెళ్తున్నాం. ఇప్పటిదాకా బాగానే ఉంది. బాపు జొన్నరొట్టె తింటున్నాడు, కూరలో ఉప్పు లేదని అవ్వతో గొడవ కూడా పెట్టుకుంటున్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి!

పోయిన నెల ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. సాయిలన్న, సుజాతక్క కూడా వచ్చారు. సాక్ష్యం చెప్పడానికి బాపు లేచి నిలబడ్డాడు.

"నేను మంచం మీద ఒరిగిన. నా బిడ్డ ఫోన్ల గట్టిగ కోప్పడ్డది. 'బాపూ, పండుకోకు, లెవ్వు, తలుపు తీసి తొవ్వ మీదికి పో' అన్నది. గా మాటకే లేసిన. లేకుంటె గా మంచంలనే పోయేటోన్ని."

అందరూ "స్తోత్రం" అన్నారు. అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చింది. సుజాతక్క మాత్రం నా ముఖంలోకి చూసింది. ఆ రోజు నేను పండుకోమన్నానని ఆమెకు తెలుసు.

కూడిక అయ్యాక బాపును పక్కకు పిలిచి సైరన్ సంగతి అడిగాను.

"సైరనా? గది బందై ఎన్నేండ్లాయె! నేనేం ఇనలే. నీ గొంతే ఇన్న," అన్నాడు.

రక్తం బాగా పోతే మనిషికి లేనివి వినిపించవచ్చని డాక్టరమ్మ అంది. బాపు వరకు అది సరిపోతుంది. కానీ రక్తం పోయింది బాపుకు, నాకు కాదు కదా! పాస్టరుగారు దేవదూత అంటారు. ఆయనతో వాదించే నోరు ఇప్పుడు నాకు లేదు.

బోధన్ పోయినప్పుడల్లా వాడకట్టువాళ్లు "తండ్రిని బతికించుకున్నవ్ బిడ్డా" అని నా చేతులు పట్టుకుంటారు. నేను కాదంటే వినయం అనుకుంటారు. వాళ్లు చెప్పే ఆ కృతజ్ఞత నాది కాదు. ఎవరిదో తెలిస్తే వెళ్లి అప్పగించి వచ్చేదాన్ని. తెలియదు. అందుకే ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాక కూడా ఒక్క మాట మిగులుతుంది. నువ్వు ఎవరైనా సరే, నా గొంతుతో మా బాపును లేపినందుకు నీకు దండం.