ఎనిమిదో తరగతికని ఎంచిన టచ్ బోర్డు

భిలాయిలో తెలుగువాళ్ల సంఘం నడిపే చిన్న బడిలో నేను లెక్కలు చెబుతాను. పాత విద్యార్థులంతా కలిసి ఎనిమిదో తరగతికి పెద్ద టచ్ బోర్డు ఇస్తున్నారని, దాన్ని ఎంచే పని నాదీ తెలుగు టీచరుదీ అని ప్రిన్సిపాల్ చెప్పారు. ఆ టీచరుది శ్రీకాకుళం వైపు. వాళ్లాయన ఇక్కడి స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. చేరిన కొత్తలో నాకు జ్వరమొస్తే ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. అప్పట్నుంచీ అక్కా అనే పిలుస్తాను.

ఆ తరగతి గదికి పడమర కిటికీ. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా నల్లబల్ల మీదే పడుతుంది. వెనక బెంచీలో ఓ అమ్మాయికి చూపు తక్కువ. కళ్లజోడు పెట్టుకున్నా పక్కపిల్లని అడిగే అంకెలు రాసుకుంటుంది. నా మనసంతా ఆ పిల్ల మీదే ఉంది.

సుపేలా బజార్లో దుకాణాలన్నీ తిరిగాం. వాళ్లు బోర్డు మీద భూగోళం తిప్పి చూపించేవారు. నేను భిన్నాలు రాసి చూసేదాన్ని. ఒకదాంట్లో గీత నా వేలి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకోదాని అద్దంలో నా మొహమే కనబడింది. చివరికి పక్కనే ఉన్న దుర్గ్‌ ఊళ్లో దొరికింది. మెరుపులేని అద్దం, ఇద్దరు ఒకేసారి రాసినా తడబడదు, అరచేత్తో తుడిస్తే చెరిగిపోతుంది. బోర్డు మీద ఎండ పడేలా దుకాణం షట్టరు పూర్తిగా ఎత్తించి, దూరంగా నిలబడి చూశాను.

"ఇదే ఇవ్వండి భయ్యా," అన్నాను.

అక్క దానిమీద అ, ఆ రాసి నవ్వింది. "బాగుందే. నీ పిల్ల కళ్లకి సుఖం."

బోర్డు వచ్చిన రోజు పిల్లలు బల్లలు జరిపి గోడ ఖాళీ చేసి ఉంచారు. పనివాళ్లు మా గది దాటి మెట్లెక్కారు. దారి తప్పారనుకుని వెనకాలే పరిగెత్తాను. సంఘం కమిటీ మీటింగ్ హాల్లో గోడకి ఇనప చట్రం ముందే బిగించి ఉంది. సెక్రటరీ పక్కన నిలబడి అక్క వాళ్లకి ఎత్తు చూపిస్తోంది.

"ఏటక్కా ఇది?"

నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. "మొదట్నుంచీ ఇక్కడికేనే. టీచర్లే ఎంచారని ఇచ్చినోళ్లకి సెప్పాలి కదా."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. సెప్తే నువ్వొస్తావేటి? మా కోడలికి ఇక్కడ ఉద్యోగం అడిగానే. సెక్రటరీ మాట కాదనలేకపోయాను."

కమిటీ మీద నాకంత కోపం రాలేదు. దుర్గ్‌లో ఆ పిల్ల కళ్ల గురించి నవ్వుతూ అన్న మాటే గుచ్చుకుంది. అన్నీ తెలిసే అంది.

మర్నాడు ఎవర్నీ అడక్కుండా తరగతిని పైకి తీసుకెళ్లి తివాచీ మీద కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి ఎవర్నీ అడక్కుండా అంకెలు రాసుకుంది. సెక్రటరీ వచ్చి, "ఇది పిల్లల గది కాదు మేడమ్," అన్నారు. చేస్తున్న లెక్క పూర్తిచేసి లేచాను. ఆ తర్వాత తలుపుకి తాళం పడింది.

బోర్డు ఇచ్చినవాళ్లలో నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి, పిల్లలకి నచ్చిందా అని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాళ్లు గట్టిగా నిలదీశాక, ఎనిమిదో తరగతికి ఆ హాల్లో వారానికొక పీరియడ్ ఇవ్వడానికి కమిటీ ఒప్పుకుంది. బోర్డు మాత్రం కిందికి దిగలేదు.

మొదటి పీరియడ్ రోజు మెట్ల దగ్గర అక్క ఎదురైంది. "ఇప్పుడు సంతోషమేనా?" అంది.

పిల్లల్ని వరసలో పెట్టి మెట్లెక్కించాను.