పొట్టి మెడ కొంగమైకు

ఏడేళ్ళుగా దీన్ని ఒక్కణ్ణే మోస్తున్నాను. చెప్పుకోవడానికి మనిషి కూడా లేడు. భార్య పోయాక గూడూరులో ఒక గది, పొద్దున్నే కంపెనీ బస్సు, మధ్యాహ్నం ఖాళీ బోర్డురూములో క్యారియరు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సముద్రం పక్కన ఒక రొయ్యల కంపెనీలో ఆఫీసు పనులు చూస్తాను. కొత్త బోర్డురూముకు మైకులు ఎంచే పని నాకు అప్పగించారు. బల్లకు బిగించి, సన్నటి మెడను ఎటు కావాలంటే అటు వంచుకునే రకం. గూస్‌నెక్ అంటారట. మా ఆఫీసులో అందరూ కొంగమైకు అనేవాళ్ళు. షాపాయన పొడుగు మెడది, పొట్టి మెడది రెండూ తెచ్చి చూపించాడు. పొడుగుదే తీసుకోమన్నాడు. మన పక్క ఊళ్ళవాళ్ళు పెద్దవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడరు, లేచి నిలబడతారు, పొట్టిదానికి వాళ్ళ గొంతు అందదని విడమరిచి చెప్పాడు. నాకు తెలియని సంగతా అది? నేనూ అలా లేచి నిలబడేవాణ్ణే. అయినా పొట్టిదే ఎంచాను. పొడుగు మెడలు ఫొటోల్లో ఛైర్మన్ గారి ముఖానికి అడ్డం వస్తాయని. ఆయన చూసి "బాగుందయ్యా" అన్నారు. ఆ ఒక్క మాటకు నాలుగు రోజులు పొంగిపోయాను.

ఆ గదిలో జరిగిన మొదటి మీటింగు ఊరి పెద్దలతోనే. రొయ్యల చెరువుల్లో వాడేసిన మురికి నీళ్ళను వాళ్ళ ఊరి కాలువలోకి వదలాలని కంపెనీ ఆలోచన. ఆ కాలువలో చేపలు పట్టుకునే వాళ్ళ తరఫున పోలయ్య వచ్చాడు. తన వంతు రాగానే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. మైకు ఆయన నడుము దగ్గరే ఉండిపోయింది. గోడ పక్క కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను. "కూర్చుని చెప్పు పోలయ్యా" అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఛైర్మన్ గారు ఫోను చూసుకుంటున్నారనా? అంత మందిలో నోరు తెరిచే అలవాటు లేకనా? ఈ రెండూ సాకులేనని నాకు తెలుసు.

మా దగ్గర రికార్డింగు విని మినిట్స్ రాస్తారు. అందులో లేనిది కాగితంలో ఉండదు. "గ్రామ పెద్దలెవరూ అభ్యంతరం తెలపలేదు" అని రాశాను. ఆ కాగితం చూపించే అనుమతి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదికి కాలువలో చేప లేదు, పీత లేదు.

పోలయ్య ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు బయటే విడిచి వరండాలో నిలబడ్డాడు.

"ఆ పొద్దు నేను చెప్పింది కాయితంలో లేదంట గదా సారూ?"

"రికార్డులో పడలేదు పోలయ్యా."

"మాట్లాడినానే... ఆ మైకులో మాట్లాడేది నాకు చేతగాలేదేమోలే. మావోళ్ళు నన్ను తిడతా ఉండారు. తప్పు నాదేలే అని ఒప్పుకున్నా."

"దగ్గరగా మాట్లాడాల గదా" అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయాడు. తర్వాత కుటుంబంతో మద్రాసు పక్క ఏదో పనికి పోయాడని విన్నాను. ఎక్కడున్నాడో కనుక్కోలేదు. కనుక్కుంటే చెప్పాల్సి వస్తుందని భయం.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. రికార్డులో పడలేదన్నది అబద్ధం. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, సౌండు పూర్తిగా పెంచి విన్నాను. కుర్చీ జరిగిన చప్పుడు. ఏసీ హోరు. ఆ హోరు వెనక, ఎక్కడో దూరంగా, "మా పిల్లకాయలు ఈ నీళ్ళ మీదే బతకతా ఉండారు, వదలబాకండి సారూ" అని పోలయ్య గొంతు. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. ఆ తర్వాతే ఆ వాక్యం రాశాను. పొట్టి మెడను ఎంచింది గొప్పకోసం. ఇది మాత్రం తెలిసి చేసిన పని.

ఇప్పటికీ అవే మైకులు. క్యారియరు తిన్నాక ఒక్కోసారి స్విచ్ వేసి, లేచి నిలబడి ఏదో ఒకటి మాట్లాడి చూస్తాను. స్పీకరులోంచి నా గొంతు రాదు. మళ్ళీ కూర్చుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఏడేళ్ళ కిందట రాయాల్సిన వాక్యం ఒకటి ఉంది, అది మీ ముందు రాస్తున్నాను. పోలయ్య లేచి నిలబడి వద్దని చెప్పాడు. నాకు వినపడింది.