ఇరవై రోజుల పాత ధోతి

మొన్న శుక్రవారం మా అమ్మాయి రంగుల బ్రష్షులు తుడుచుకోవడానికి అల్మరా అడుగునుంచి ఒక తెల్లగుడ్డ లాగింది. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికే దాని మూలకి నీలం అంటుకుని ఉంది. పన్నెండేళ్ళ పిల్ల మీద ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. అది బిత్తరపోయి, "పాత గుడ్డే కదమ్మా" అంది. ఆ మాట వినగానే కోపం పోయి నవ్వొచ్చింది. సరిగ్గా ఆ మాటే, సౌదీలోని ఈ జుబైల్లోనే, ఈ హాల్లోనే నిలబడి, అది పుట్టడానికి నెల ముందు ఇంకొకాయన అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు, ఏడ్చాను.

మా ఆయన ఇక్కడ ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. పెళ్ళయిన ఏడాదికి నన్ను తెచ్చుకున్నారు, మరుసటి ఏడాదికి నాకు నెల తప్పింది. కడుపులో పిల్ల కదలడం మొదలయ్యాక నాకు ఏ పనీ తెమిలేది కాదు. కిటికీల మీద పేరుకున్న ఇసుక తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయేదాన్ని. పప్పు పొయ్యి మీద పెట్టి, లోపల కాలు కదిలితే, ఆ కాలు ఎటు పోతుందో అరచేత్తో వెతుక్కుంటూ పప్పు మాడ్చేదాన్ని. నా ఒంట్లో నాకు తెలియకుండా ఒక మనిషి తయారవుతోందంటే ఎంత తలుచుకున్నా నమ్మకం కుదిరేది కాదు. మా ఆయన నమ్మకం వేరే రకం. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన జాబితా జేబులో పెట్టుకుని వెళ్ళి చొక్కాలు, టోపీలు, మేజోళ్ళు, దుప్పటి అన్నీ ఒక్కరోజులో కొనుక్కొచ్చారు. పిల్ల పుట్టకముందే కొత్తబట్టలు గడప దాటి రాకూడదని నేను అడ్డం నిలబడ్డాను. ఆ సంచి నెలరోజులు కారు డిక్కీలోనే ఊరంతా తిరిగింది.

మా వైపు పుట్టిన పిల్లకి మొదట కొత్తబట్ట వేయరు. ఇంట్లో నిండుగా బతికిన పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి నూలుబట్టలో చుడతారు. ఆ ఆయుష్షు పిల్లకి రావాలని. మా తాత తొంభై దాటి బతికాడు. అమ్మ ఆయన ధోతులన్నీ ముక్కలుగా చింపి, ఉడకబెట్టి, ఎండబెట్టి మూట కట్టి ఉంచింది. పురుడు పోయడానికి తనే తీసుకుని రావాల్సింది. వీసా వచ్చింది, టికెట్ కూడా తీశాం. సరిగ్గా అప్పుడే బాత్రూములో జారి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. ఫోనులో తన నొప్పి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "నేను రాకున్నా తాత దోతులు వస్తున్నయి బిడ్డా. గవి ఉంటే సాలు, నేను ఉన్నట్టే" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ధైర్యం తెచ్చుకున్నాను. తెలియని ఊళ్ళో, భాష రాని ఆస్పత్రిలో, పక్కన అమ్మ లేకుండా కనబోతున్న నాకు ఆ మూటే అమ్మ. అది లేకపోతే పిల్లకి ఏమవుతుందోనని లోలోపల భయం. చదువుకున్నదానివి కదా అంటే చదువుకున్నదాన్నే, భయం మాత్రం నిజం.

సెలవు మీద జగిత్యాల వెళ్ళిన ఒక అన్న చేతికి అమ్మ ఆ మూట ఇచ్చి పంపింది. సొంత అన్న కాదు, మా ఆయన కింద పైపు ఫిట్టరు, యాభై దాటిన మనిషి. నన్ను చెల్లె అని పిలిచేవాడు. దిగిన మర్నాడే మామిడికాయ తొక్కు, సకినాలు, నువ్వుల లడ్డూలు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. నేను మూట కోసం ఆయన వెనక్కి చూస్తున్నాను.

"ఎయిర్‌పోర్ట్‌ల బరువు ఎక్కువైందన్నరు చెల్లె. పాత బట్టలే కద అని ఆ మూట తీసి ఆడ్నే పెట్టిన. తినేటియి మాత్రం ఒక్కటి ఇడ్సిపెట్టలే" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

నేను సోఫాలో కూలబడి ఏడ్చాను. అన్నకి ఏమీ అర్థం కాలేదు. మా ఆయన నెమ్మదిగా సంగతి చెప్తుంటే ఆయన ముఖం ముడుచుకుపోయింది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. తాత ధోతి ఇంకొక్కటి కూడా మిగల్లేదని అమ్మ ఫోనులో చెప్పింది. ఆ వారంలో నేను ఇల్లంతా గాలించాను. పెళ్ళిలో పెట్టిన పట్టుచీరలు, జార్జెట్లు, నైలాను నైటీలు తప్ప ఈ ఇంట్లో పాతబడిన నూలుగుడ్డ ఒక్కటి లేదు. మా ఆయన బనీన్లు ఉన్నాయి గానీ ముప్పై ఏళ్ళైనా నిండని మనిషి ఆయుష్షు మీద నాకు అప్పట్లో అంత గురి లేదు. ఆ మాట ఆయనతో అనలేదనుకోండి.

అన్న మళ్ళీ ఇరవై రోజులకి కనిపించాడు. అప్పటికి నాకు నెలలు నిండి, లేచి తలుపు తీయడమే పెద్ద పని. చేతిలో పేపరులో చుట్టిన పొట్లం. విప్పితే రెండు తెల్ల ధోతులు, నాలుగు మడతలు వేసి ఉన్నాయి. పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే లేదు, అంత మెత్తన. అంచు మీద కంపెనీ ముద్ర ఇంకా లీలగా కనిపిస్తోంది.

"మా క్యాంపుల అందరి లుంగీలు గ్రీసు మరకలే చెల్లె. అందుకే కేరళోళ్ల దుకాన్ల కొత్తయి కొన్న. గంజి పోయేదాంక దినాం ఉతికిన. శుక్రారం రెండుసార్లు."

ఊరికే ఉతికితే పాతది కాదు కదా అని, గదిలో ఆరుగురూ వంతులు వేసుకుని కట్టారట. అందరిలో పెద్దాయనకి అరవై దగ్గర పడ్డాయి, ఆయన వంతు అందరికంటే ఎక్కువ రోజులు. డ్యూటీ నుంచి రాగానే నూనె చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే ధోతి ముట్టాలని షరతు. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా తమ పిల్లలు పుట్టినప్పుడు ఊళ్ళో లేరు. అన్న తన కొడుకుని మొదటిసారి చూసేసరికి వాడు నడుస్తున్నాడు, ఈయన్ని చూసి భయపడి తలుపు వెనక దాక్కున్నాడట. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పాడు. నేను ఆ ధోతుల మడతలు ఒళ్ళో విప్పి, మళ్ళీ వేశాను. పన్నెండు గంటలు ఎండలో పైపులు బిగించి వచ్చి, ఎవరి కడుపులోనో ఉన్న పిల్ల కోసం గుడ్డ మెత్తబరుస్తూ కూర్చున్న ఆ మనుషుల్ని ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

"సూడు చెల్లె, పాతగైనట్టేనా?" అని అడిగాడు, పరీక్ష రాసినవాడిలా.

అయిందన్నాను. అప్పుడు మంచినీళ్ళు తాగాడు.

ఐదో రోజు పొద్దున పిల్ల పుట్టింది. నర్సు ఆస్పత్రి దుప్పటి విప్పబోతుంటే నేను సంచిలోంచి ధోతి తీసి ఇచ్చాను. ఆవిడ కేరళలో కొట్టాయం మనిషి. రెండు వేళ్ళ మధ్య గుడ్డ నలిపి చూసి, తల ఊపి, మారుమాట లేకుండా అందులో చుట్టింది. ఎర్రగా, పిడికిళ్ళు బిగించి అరుస్తున్నది కాస్తా ఆ మెత్తదనంలో పడగానే ఊరుకుంది. ఫోనులో ఫొటో చూసిన అమ్మ, "తాత దోతి లెక్కనే ఉంది" అంది.

అన్న ఇక్కడి పని పూర్తిగా మానేసి, ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. నీలం మరక ఎంత ఉతికినా పోలేదు, పోకపోతే పోనీ అనుకున్నాను. మా అమ్మాయికి ఈ కథంతా చెప్పాక అది ఆ గుడ్డని ఇప్పుడు నన్ను కూడా ముట్టుకోనివ్వకుండా తన బీరువాలో దాచుకుంది. దాచేముందు ఎండకి ఎత్తి చూస్తే అవతలి గోడ కనిపించింది, అంత పలచబడింది. నిజంగా పాతబడటానికి దానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ అన్న మాత్రం, మా పిల్ల అన్నాళ్ళు ఆగలేదని, ఇరవై రోజుల్లో పాతది చేసి తెచ్చాడు.