రుచి చూడడం, ఎంగిలిపడడం

మా ఎదురింటి ఫొటోగ్రాఫరమ్మ కన్నుమూసిందన్న వార్త చేరేసరికి, ఆమె పుస్తకపు ప్రూఫులు నా బల్ల మీదనే ఉన్నాయి. ఉదయం ఎనిమిదింటికి ఆమె అక్క వీధి దాటి వచ్చి, గేటు తీయకుండానే, "పోయింది మాస్టారూ" అన్నది. ఆ వాక్యంలో కర్త లేదు. కర్త లేని వాక్యం వినబడితే "ఎవరు?" అని అడిగి పూర్తి చేయించడం నా జన్మకు పట్టుకొన్న అలవాటు. ఆనాడు అడగలేదు.

పాఠకులలో చాలామంది ఆమెను ఎరుగరు. ఆమె తీసిన ఫొటోలను మాత్రం నెల్లూరివారు చూసే ఉంటారు. వంటకాలను ఫొటో తీయడం ఆమె వృత్తి. ఎవరి వద్దా ఉద్యోగం చేయలేదు. హోటళ్లవారో, మసాలాపొడులు అమ్మేవారో, వంటల పుస్తకాలు వేసేవారో పిలిస్తే కెమెరా సంచీ భుజాన వేసుకొని బస్సెక్కేది. పిలుపు లేని రోజులలో కూడా ఎక్కేది. గూడూరు నిమ్మకాయల మార్కెట్టు, మనుబోలు దగ్గర రోడ్డు పక్క ఇడ్లీ పొయ్యి, మైపాడు ఒడ్డు: ఇవి ఆమె తీర్థాలు.

మా పరిచయం తగవుతో మొదలైంది. ఆమె ఫొటోలతో అచ్చయిన ఒక మెనూకార్డులో 'చాపల పులుసు' అని ఉన్నది. నేను దానిని చేతబట్టుకొని వీధి దాటి, చాపలను పరచుకొంటారే గాని పులుసు పెట్టుకోరని చెప్పాను. ఆమె కార్డును తిప్పి చూసి, "అక్షరాలు నావి కాదు మాస్టారూ, చేపలు మాత్రమే నావి. కాఫీ తాగుతారా?" అన్నది. కాఫీ తాగాను. ఆ తరువాత పన్నెండేళ్లు తాగుతూనే ఉన్నాను.

ఆమె పనితీరు నాకు పాఠంలా ఉండేది. పెద్ద దీపాలు వాడేది కాదు. తూర్పు కిటికీ పక్కన పీట వేసి, పళ్లెం పెట్టి, వెలుగు వచ్చే దిక్కుకు ఎదురుగా ఒక తెల్లని బట్టను పట్టించేది. బట్ట మీద పడిన వెలుగు తిరిగి వచ్చి పళ్లెంలోని నీడలను మెత్తబరుస్తుందట. ఆ బట్ట నాదే. నా పాత పంచె ఒకటి అడిగి తీసుకొన్నది. తన వృత్తిలోని కొందరు మెరుపు కోసం వంటకం మీద తినకూడనివి కూడా పూస్తారని చెప్పి, "తినలేని దాన్ని ఫొటో తీస్తే అబద్ధం చెప్పినట్టే కదా" అనేది. నిజమే. నేనైతే 'అబద్ధమాడినట్లే' అని ఉండేవాడిని.

ఆమె ఫొటోలలో ఒక విశేషం ఉన్నది. దోసె చివర కొంచెం తుంచి ఉంటుంది. అన్నం కుప్పలో ఒక ముద్ద మేర పల్లం ఉంటుంది. నేను మొదట దీనిని పొరపాటు అనుకొన్నాను. ఒక హోటలు యజమాని కూడా అలాగే అనుకొని, ఎంగిలి పళ్లెం బొమ్మను గోడకు కట్టమంటావా అని ఆమెను నిలదీశాడట. "ఎవరూ ముట్టని పళ్లెం కడితే, ఇక్కడ ఎవరూ తినరనుకుంటారు సార్" అని ఆమె జవాబు. ఆయన నవ్వలేదు, పనీ ఇవ్వలేదు. ఈ సంగతిని ఆమె నాకు ఎంతో సంతోషంగా చెప్పింది.

ఆ అలవాటు మైపాడులో పుట్టింది. కొత్తలో ఆమె అక్కడ ఒక అవ్వ ఇంటికి, చేపల పులుసును ఫొటో తీయడానికి వెళ్లింది. అవ్వ అన్నం వడ్డించి పులుసు పోసింది. ఈమె పళ్లేన్ని అటు జరిపి, ఇటు జరిపి, వంగి, లేచి అరగంట గడిపింది. అవ్వ ఓపిక పట్టి పట్టి, చివరకు అన్నదట: "ఏందమ్మే, కూడు ముందర పెట్టుకోని దాని చుట్టూ తిరగతా ఉండావు? ముందు ఎంగిలిపడు. నీ మిషను యాడికీ పోదులే." ఆమె కూర్చొని ఒక ముద్ద తిన్నది. తిన్న తరువాత తీసిన ఫొటోయే బాగా వచ్చింది. నాటినుండి అదే పద్ధతి.

రెండేళ్ల క్రితం ఆమె తన పని గురించి, ప్రయాణాల గురించి, ఇష్టమైన వస్తువుల గురించి రాయడం మొదలుపెట్టింది. రాసిన కాగితాలు నాకు ఇస్తూ, "అక్షరాలు దిద్దండి మాస్టారూ, మాటల జోలికి మాత్రం పోబాకండి" అన్నది. ఇష్టమైన వస్తువుల పుట ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నది. అంచు సొట్టపోయిన స్టీలు పళ్లెం, నిమ్మకాయ కోసిన చేతి వాసన, వాన రాబోయే ముందు మైపాడు సముద్రపు రంగు, బస్సులో కిటికీ పక్క సీటు. వాటి నడుమ, ఏ సంబంధమూ లేకుండా, 'మా ఎదురింటి మాస్టారి కోపం'. కోపం వస్తువు కాదని పక్కన రాశాను. కొట్టివేయలేదు.

కొట్టివేసినది మరొకటి. 'ఎంగిలిపడిన తరువాతనే ఫొటో తీస్తాను' అని ఆమె పుస్తకమంతటా రాసుకొన్నది. అచ్చులో ఎంగిలి అన్న మాట నాకు సహించలేదు. ప్రూఫులు రాగానే ప్రతిచోటా ఎర్రసిరాతో గీత గీసి, పైన 'రుచి చూచిన' అని రాశాను. ఆమె చూసుకొని, ఆ మధ్యాహ్నమే మా వరండాలోకి వచ్చింది. నేను గ్రామ్యం అన్నాను, మర్యాద అన్నాను, చదివేవారు ముక్కు మూసుకొంటారన్నాను. ఆమె అంతా విన్నది.

"రుచి చూసేదానికి ఎవరైనా వస్తారు మాస్టారూ. ఉప్పు తక్కువైందని చెప్పి పోతారు. అవ్వ నన్ను రుచి చూడమనలేదు. ఆకలిగా ఉండానని కనిపెట్టి తినమనింది. మీరు దిద్దింది అవ్వ మాటను."

నేను ఒప్పుకోలేదు. అరవై ఏళ్లు దాటాక ఒప్పుకోవడం కొంచెం కష్టం. అంతలో ఆమె జబ్బు ముదిరింది. ఆసుపత్రికి చూడబోయినప్పుడు, పుస్తకం సంగతి నేను ఎత్తక ముందే, "ఆ మాట మీకే వదిలేస్తుండా మాస్టారూ. మీరేది ఉంచితే అదే" అన్నది. నాతో వాదించి ఉంటే నిలబడగలిగేవాడిని. నమ్మి వదిలేసినందువల్ల ఎటూ తేల్చుకోలేక, ప్రూఫులు బల్ల మీద ఉంచుకొని మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాలలో ఆమె వెళ్లిపోయింది.

కర్మకాండ ముగిసిన మరునాడు నిఘంటువు తెరిచాను. ముందే చేయవలసిన పని. 'ఎంగిలిపడు: భుజించు' అని తేటగా ఉన్నది. పెద్దలు వాడిన, చక్కని క్రియ. మైలను గురించి అందులో ఒక్క మాటా లేదు. ఇన్నేళ్లు పిల్లలను ప్రతి మాటకూ నిఘంటువు చూడమన్నవాడిని, నాకు తెలుసుననుకొన్న మాటకు చూడలేదు.

అదే వారం ఆమె అక్కతో కలిసి మైపాడు వెళ్లాను. అవ్వకు వార్త చెప్పవలసి ఉన్నది. అవ్వ ఏడవలేదు. గుమ్మం వైపు చూస్తూ, "ఎప్పుడొచ్చినా తినే పోయింది. కడుపు మాడ్చి పంపించిన పాపం నాకు లేదు" అన్నది. తరువాత నా వైపు తిరిగి ఈయనెవరని అడిగింది. చెల్లెలి పుస్తకాన్ని దిద్దుతున్న అయ్యవారని ఆమె అక్క చెప్పింది.

"పిల్ల రాసిందాంట్లో తప్పులుండాయా అయ్యోరూ?" అని అవ్వ అడిగింది.

రెండు మూడు ఒత్తులు తప్ప ఏమీ లేవమ్మా అన్నాను. ఒత్తులంటే ఏమిటో అవ్వ అడగలేదు. నిశ్చింతగా తల ఊపింది.

నా ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఎందరికో మార్కులు వేశాను. నన్ను దిద్దిన మనిషి మాత్రం కెమెరా పట్టుకొని ఎదురింట్లో ఉండేదని, ఆమె ఉండగా ఆమెతో చెప్పలేకపోయాను. కృతజ్ఞత ఆలస్యంగానైనా చెప్పవలసినదే గనుక ఇక్కడ చెబుతున్నాను.

ప్రూఫు దిద్దేవారికి ఒక పద్ధతి ఉన్నది. పొరపాటున కొట్టివేసిన మాటను ఉంచమని అచ్చువారికి తెలపడానికి, ఆ మాట కింద వరుసగా చుక్కలు పెట్టాలి. ఇల్లు చేరగానే అదే ఎర్రసిరాతో పుట తరువాత పుట తిప్పుతూ కూర్చొన్నాను. పైన రాసిన నా మాటలను కొట్టివేసి, కింద ఆమె మాటకు చుక్కలు పెట్టుకొంటూ పోయాను. చివరి పుట ముగించి కాగితాలను ఆరడానికి కిటికీ దగ్గర పరిచినప్పుడు చూశాను: తెల్లవారుజామున ఎవరో వాకిలి ఊడ్చి, ఇంకా గీతలు కలపని ముగ్గుకు పెట్టినట్లు, ఎర్రని చిన్న చుక్కలు.