కాలరు లోపల మూడు ఎర్ర కుట్లు

టికియాపారా అత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. చేసింది ఆవిడ కొడుకు. "అమ్మ ఎల్లిపోనాది దాదా. టీ తాగి మిషను కాడ కూకుంది, అంతే" అన్నాడు. కలకత్తా న్యూ టౌన్‌లో మా బిల్డింగు గేటు దగ్గర ఆఫీసు కారు కోసం నిలబడి ఉన్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి పాతికేళ్ళుగా నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు వినే మనిషి లేదు కనుక మీకు చెబుతున్నాను.

అత్త మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళి చేసుకుని హౌరా వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి. ఆవిడ భర్త రైల్వేలో ఫిట్టరు. ఆయన పోయాక ఆవిడ కుట్టుపని మీదే బతికింది. మా నాన్న బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద కలకత్తా వచ్చినప్పుడు, ఇక్కడి దర్జీలెవరూ మా అమ్మ జాకెట్టు కొలత సరిగా పట్టలేకపోయారు. ఎవరో చెబితే అమ్మ గంగ దాటి హౌరాలోని టికియాపారా వెళ్ళింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు మా ఇంట్లో చొక్కా గుండీ ఊడినా గంగ దాటాల్సిందే.

ఇంట్లో మేమే ఉన్నప్పుడు అమ్మ ఆవిడని "వదినా" అనేది. పక్కింటి ఆఫీసర్ల భార్యలు కూర్చుని ఉంటే "ఏమ్మా" అనేది. ఆ తేడా నేను చిన్నప్పుడే గమనించాను. గమనించడమే కాదు, నేర్చుకున్నాను కూడా.

ఇరవై రెండేళ్ళప్పుడు నాకు ఆకాశంలోంచి దూకే పిచ్చి పట్టింది. ఊరికి గంటన్నర దూరంలో ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉండేది. రిటైరైన మేజర్ ఒకాయన అక్కడ ఆదివారాలు పారాచూట్ క్లబ్బు నడిపేవాడు. అందరూ ఆయన్ని మేజర్‌దా, అంటే మేజరన్న, అనేవారు. సభ్యుల్లో డాక్టర్ల కొడుకులు, టీ కంపెనీ మేనేజర్ల కొడుకులు, ఇంగ్లీషులోనే తుమ్మేవాళ్ళు. వాళ్ళ మధ్య నేనొక బొద్దు తెలుగువాణ్ణి. బొద్దు అని మర్యాదగా రాస్తున్నాను, క్లబ్బులో నా పేరు 'రసగుల్లా'.

ఆ బొద్దుతనమే నా కష్టం. బరువైనదీ తేలికైనదీ ఒకేసారి కింద పడతాయని బడిలో చెప్పారు. గాలిలో ఆ లెక్క పనిచేయదు. నలుగురం ఒకేసారి దూకి, పారాచూట్లు తెరిచేలోగా గాలిలోనే చేతులు కలిపి వలయం కట్టాలి. నేను దూకగానే రాయిలా కిందికి జారిపోయేవాణ్ణి, మిగతా ముగ్గురూ పైన ఉండిపోయేవారు. దానికి మందు ఒక్కటే అన్నాడు మేజర్‌దా. సన్నటివాళ్ళు ఒంటికి అంటుకునే సూట్ వేసుకోవాలి, లావువాళ్ళు వదులు సూట్ వేసుకోవాలి, చంకల కింద గాలి పట్టే రెక్కల్లాంటి గుడ్డ ఉండాలి. అలాంటివి అప్పుడు విదేశాల నుంచో బొంబాయి నుంచో రావాల్సిందే. నేను మాత్రం గంగ దాటాను.

అత్త ముందు నవ్వింది. "ఇమానం బాగానే ఉన్నాదేటి? మరెందుకు దూకడం?" అంది. తరవాత రెండు గంటలు నా చేత దూకడం గురించి చెప్పించుకుంది. నేల మీద బోర్లా పడుకోమని, చేతులూ కాళ్ళూ చాపమని, ఆ చాపిన మనిషి చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. ఏ గుడ్డ తెచ్చినా పెదాలకి ఆనించి ఊదేది. గాలి అవతలికి వచ్చేస్తే పక్కన పడేసేది. నైలాను జారిపోతుందని వద్దంది. చివరికి గట్టి నూలు డ్రిల్లు గుడ్డ ఎంచింది.

"తాడు లాగీ సెయ్యి ఏది బావూ?" అని అడిగింది. కుడిచెయ్యి, పిడి తుంటి దగ్గర ఉంటుంది అన్నాను. ఆ పక్క రెక్క అడ్డం రాకూడదని కొంచెం తగ్గించి కుట్టింది. కుట్టాక సూట్ చేతుల్లోంచి ఒక వెదురుకర్ర దూర్చి, పక్కనున్న రైల్వే క్వార్టర్స్ డాబా మీద దండేనికి వేలాడదీసింది. గంగ మీంచి గాలి వచ్చింది. సూట్ పొంగి, గిరగిరా తిరగడం మొదలెట్టింది. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఒకపక్క తక్కువయితే ఇలాగే తిరిగిపోతావు. అడ్డవొచ్చినా రెండు పక్కలా ఒక్కలాగే ఉండాల, సెయ్యే దారి నేర్సుకోవాల" అని మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టింది. మధ్యలో కరెంటు పోయింది. వీధంతా ఆగిపోయింది గాని ఆవిడ కాలిమిషను ఆగలేదు.

తరవాత ఆ సూట్ తొడిగి, నన్ను స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి, "కళ్ళు మూసుకుని అందుకో" అనేది. పిడి ఉండే చోట ఒక గుడ్డపీలిక కట్టింది. నేను తడుముకోకుండా అందుకునేదాకా, కనీసం పదిసార్లు. ఒకసారి విసుక్కుంటే, "నీకు విసుగొత్తే నాకేటి? నువ్వు కింద పడితే మీ యమ్మకి నానేటి సెప్పాల?" అంది.

ప్రతి బట్టకీ కాలరు లోపల ఎర్రదారంతో మూడు చిన్న కుట్లు వేసేది అత్త. "ఇది నా కుట్టని నాకు తెల్వాల. పాడయితే ఎవురి కాడికి రావాలో మీకు తెల్వాల" అనేది. నా సూట్‌కీ వేసింది.

క్లబ్బులో మొదటి ఆదివారమే ఒకడు సూట్ చూసి ఈల వేశాడు. "ఎక్కడిది?" అన్నాడు. హౌరాలో రైలుపట్టాల పక్క గదిలో ఒక ముసలామె కాలిమిషను మీద కుట్టిందని చెప్పడానికి నోరు రాలేదు. "బొంబాయి" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, బొంబాయి సూట్‌కి ఎర్రకుట్లు ఉండవు కదా అని, బ్లేడుతో ఆ మూడూ తీసేశాను. ఆ బ్లేడు పట్టుకున్న చెయ్యి ఇప్పుడు ఈ కలం పట్టుకున్న చెయ్యే.

అత్తకి ఒక్కటే కోరిక. "గుడ్డ పైన ఎలాగుంటాదో ఒక్కపాలి సూడాలనుంది బావూ" అనేది. వానలనీ, బంద్ అనీ, విమానం రిపేరనీ నేను సాకులు చెబుతూ వచ్చాను. చివరికి ఒక ఆదివారం ఆవిడే వచ్చేసింది. నాకు తెలిసి ఆవిడ ఆదివారం చర్చి మానింది ఆ ఒక్కసారే. స్టీమరులో గంగ దాటి, లోకల్ రైలెక్కి, రిక్షా చేసుకుని, చర్చికి కట్టుకునే తెల్లచీరలో, చేతిలో పులిహోర క్యారియరుతో. దారిలో సూట్ చిరిగితే పనికొస్తుందని కొంగున సూదీ దారం కట్టుకుని మరీ వచ్చింది.

ఆవిడ నాకు పదడుగుల దూరంలోకి వచ్చేసరికి మేజర్‌దా నా సూట్ కుట్లు వేలితో తడుముతున్నాడు. "ఇంత బాగా కుట్టింది ఎవరు? క్లబ్బుకి ఇలాంటివి ఎనిమిది కావాలి. పారాచూట్ల మరమ్మతు కూడా ఉంటుంది. ఒక మనిషిని శాశ్వతంగా పెట్టుకుందామనుకుంటున్నాను" అన్నాడు బెంగాలీలో. అత్తకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు. అప్పుడు ఆవిడ ఎవరో వ్యాపారికి లంగాలు కుట్టి ఇస్తోంది, చూపు మందగిస్తోందని అంటోంది. ఆ పని దొరికితే ఆవిడ కష్టం తీరిపోయేది. ఇవన్నీ నాకు తెలుసు. అన్నీ తెలిసి, చుట్టూ నిలబడ్డ వాళ్ళ ముఖాలు చూసి, "బొంబాయి నుంచి తెప్పించాను దాదా" అన్నాను.

మేజర్‌దా కాలరు తిప్పి లోపల చూశాడు, చిరునామా ఏమైనా ఉందేమోనని. అత్త కూడా చూసింది. ఎర్రకుట్లు లేని చోటు ఆవిడకి కనిపించింది. నా ముఖం వైపు ఒక్కసారి చూసింది. అప్పుడే మేజర్‌దా ఆవిడ వైపు తిరిగి, "ఉని కే?" ఈవిడెవరు అన్నాడు. నేను కాలరు సర్దుకున్నాను.

"ఆమి ఓదేర్ బాడీతే కాజ్ కోరి" అంది అత్త. వీళ్ళింట్లో పనిచేస్తాను అని. నా అబద్ధం నిలబెట్టడానికి ఆవిడ తనని తానే పనిమనిషిని చేసుకుంది.

క్యారియరు నా చేతికిచ్చింది. "రైలుంది, ఎల్తాను బావూ" అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి, ఎవరికీ వినపడకుండా, "కళ్ళు మూసుకుని ఒకపాలి అందుకో" అంది. అందుకున్నాను. పిడి దొరికింది. తలూపి వెళ్ళిపోయింది.

ఆ రోజే మొదటిసారి మా వలయం కుదిరింది. నేను జారిపోలేదు. రెక్కల్లోకి గాలి నిండి నన్ను పట్టుకుని నిలబెట్టింది. ముగ్గురూ నా పక్కకి వచ్చారు, చేతులు కలిశాయి. నేను ఏడ్చాను, కళ్ళద్దాల లోపల. మిగతావాళ్ళు సంతోషం అనుకున్నారు. కింద ఎక్కడో చెట్ల మధ్య ఒక రైలు పాకుతోంది. అది అత్త ఎక్కిన రైలో కాదో నాకు తెలియదు. క్లబ్బు ఎనిమిది సూట్లూ బొంబాయికే ఆర్డరిచ్చింది.

అత్త ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అదే "బావూ", అదే టీ, అదే కొలతల టేపు. నిష్ఠూరమాడి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. ఆడలేదు కనుక తప్పించుకున్నాను. మూడేళ్ళ తరవాత నా పెళ్ళికి జుబ్బా కుట్టింది. తొడుక్కుంటూ కాలరు లోపల చూశాను. ఎర్రకుట్లు లేవు. బీరువా తెరిచి ఆ మూడేళ్ళలో కుట్టిన చొక్కాలన్నీ తిరగేశాను. ఒక్కదానికీ లేవు. అమ్మ జాకెట్లకి మాత్రం అన్నిటికీ ఉన్నాయి. నాకు అవి అక్కర్లేదని ఆవిడ గుర్తుపెట్టుకుంది. కోపంతో కాదు. కొలత మారితే రాసుకున్నట్టు రాసుకుంది.

మొన్న అత్త కోసం ప్రార్థన చేసిన ఆదరణ కూడికలో పాస్టరుగారు "బ్యాంకు ఆఫీసరుగారి అబ్బాయి రెండు మాటలు చెబుతారు" అని పిలిచారు. లేచాను. అత్త చేతిపని గురించి, మంచితనం గురించి చెప్పాను. అందరూ తలలూపారు. చెప్పాల్సింది చెప్పలేదు. తరవాత అత్త కోడలు టీ ఇస్తూ, "మీరు ఆకాశంలోంచి దూకినప్పుడు అత్త సూసిందంట కదా? నలుగురు సేతులు కలిపినారంట. నా గుడ్డే అన్నిటికన్నా బాగా నిలబడిందని పిల్లలకి ఎన్నిసార్లు సెప్పీదో" అంది.

చేతులు కలిసిన సంగతి తరవాతెప్పుడో అత్తకి చెప్పింది నేనే. చూడనిదాన్ని చూశానని ఇంట్లో చెప్పుకుంది ఆవిడ. నన్ను ఇంకోసారి కాపాడటానికో, తన ముచ్చట తీర్చుకోవడానికో తెలియదు. పిల్లలు నా ముఖంలోకి చూస్తున్నారు. "అవును, చూసింది" అన్నాను.

చూడలేదు. నేను చూడనివ్వలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడం అత్తతోనే అయిపోయింది. వాళ్ళు చదవలేరన్న ధైర్యంతోనే ఇది రాస్తున్నానేమోనని సగంలో అనుమానం వచ్చింది. అందుకే ఈ కాగితాలు వచ్చే ఆదివారం టికియాపారా పట్టుకెళ్ళి, పిల్లల ముందు నేనే పైకి చదువుతాను. సూట్ కూడా తీసుకెళ్ళి వాళ్ళకి ఇచ్చేస్తాను.

ఇవాళ దాన్ని పెట్టెలోంచి తీసి, చేతుల్లోంచి కర్టెన్ కర్ర దూర్చి, బాల్కనీలో వేలాడదీశాను. పదకొండో అంతస్తు, గాలికి కొదవలేదు. చంకల కింద గుడ్డ నిండింది. అటూ ఇటూ తిరగకుండా, చేతులు చాపిన మనిషిలా నిలబడింది. అత్త చూసిన ఎగరడం ఇంతే, ఆ డాబా మీద. దగ్గరికెళ్ళి కాలరు తిప్పాను. దారం తీసేశాను గాని సూది గుచ్చిన రంధ్రాలు పూడలేదు. మూడు కుట్లకి ఆరు చుక్కలు, వాటిలోంచి ఎండ వస్తోంది.