వెనక నుంచి తీసిన ఫొటో

కాలేజీ విద్యార్థి సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్న ఏడాది నన్ను అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది, నేను ఎవరి కోసం పోట్లాడానో ఆ అమ్మాయే. ఇప్పటికీ ఆమె మీద నాకు కొంచెం కోపం ఉంది. ఉండకూడదని తెలిసినా ఉంది.

అప్పుడు నేను బీఏ రెండో సంవత్సరం. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఢిల్లీలోని ద్వారకలో ఇల్లు, రోజూ మెట్రోలో కాలేజీకి. నేను ఎన్నికల్లో నిలబడింది ఎవరికో మేలు చేద్దామని కాదు. మా క్లాసులో ఒకడు "మద్రాసీ అమ్మాయికి ఓటెవడేస్తాడు?" అని నవ్వాడు. ఆ మంటతో నామినేషన్ వేశాను, గెలిచాను. గెలిచాక ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

ఆ అమ్మాయి మొదటి సంవత్సరం, వరంగల్ వైపు నుంచి వచ్చింది. ఒక కాలికి ఇనుప పట్టీలు, చంకలో కర్ర. వాళ్ల క్లాసులన్నీ మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ దాని మీద "సిబ్బందికి మాత్రమే" అని బోర్డు. ఒకరోజు ఉదయం ఆమె రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. అదే సమయంలో ఒక లెక్చరర్ టీ కప్పుతో లిఫ్టులో ఒక్కడే పైకి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి వెనక నుంచి ఆమె ఫొటో తీశాను.

మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో మా సంఘం పేజీకి ఎక్కింది. సాయంత్రానికి పోస్టరై నోటీసు బోర్డు మీద ఉంది. కింద "ఈ కాలేజీకి సిగ్గు లేదా?" అని నేనే రాశాను. జనం మూగి చదువుతుంటే నాకు గర్వంగా అనిపించింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మా ఇద్దర్నీ పిలిచాడు.

"బేటా, నేతాగిరీ రోడ్డు మీద చేసుకో, నా కాలేజీలో కాదు," అన్నాడు నాతో. తర్వాత ఆమె వైపు తిరిగి గొంతు మెత్తగా మార్చి, "ఈ పోస్టర్ నువ్వే వేయించావా?" అని అడిగాడు.

"లేదు సర్. నన్నెవరూ అడగలేదు."

అంతే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. రెండు రోజుల్లో క్షమాపణ రాసి ఇవ్వకపోతే మా నాన్నకు ఫోన్ చేస్తానని చెప్పి మా ఇద్దర్నీ పంపేశాడు.

వరండాలోకి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఏంటిది? నీ కోసమే కదా ఇదంతా చేసింది!"

"నా కోసమా?" ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. "ఎనక నుంచి ఫొటో తీసినవ్ గదక్కా. ముందలికొచ్చి ఒక్కసారన్న అడిగినవా? మా పీజీ హాస్టల్ల అందరి ఫోన్లల్ల నా కాలే ఉంది. మా అమ్మకు గూడ ఎవరో పంపిండ్రు. పొద్దుగాల్నుంచి ఏడుస్తాంది."

"ఎవరో ఒకరు అడగాలిగా! నువ్వు నోరు మూసుకుని ఎక్కుతుంటే..."

"నోరు మూసుకున్ననా? నువ్వు గెల్సిన వారంలనే మీ యూనియన్ రూముల అర్జీ ఇచ్చిన. నేను లిఫ్టు అడగలే. అది ఊకె చెడిపోతది. క్లాసు కిందికి మార్చుమన్న. సదివినవా?"

చదవలేదు. యూనియన్ గదికి వెళ్లి నా సొరుగు లాగాను. ఎన్నికల కరపత్రాల కింద ఆమె కవరు ఉంది, అంటించినది అంటించినట్టే. లోపల నాలుగే వాక్యాలు. పోస్టర్ చింపేశాను, పేజీలో ఫొటో తీసేశాను. ఆమెకు వాట్సాప్‌లో క్షమించమని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

రెండు రోజులూ గడిచాయి. ప్రిన్సిపాల్ అన్నంత పనీ చేశాడు. భోజనాల దగ్గర నాన్న మొదలుపెట్టారు. "ఎందుకమ్మా మనకీ గొడవలు? రెండు ముక్కలు రాసి పడేయ్. రేపు మా ఆఫీసులో తెలిస్తే?"

"రాయను నాన్నా. సారీ చెప్పాల్సింది ఆయనకి కాదు."

"మరెవరికి?"

"చెప్పాను. ఆ అమ్మాయి తీసుకోలేదు."

నాన్న సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నారు.

నేను మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లాను, ఈసారి ఎదురుగా. "నీ అర్జీ ప్రిన్సిపాల్‌కి ఇవ్వనా?"

"నేనే ఇస్త. కావాల్నంటే ఎనక నిలబడు. మాట్లాడకు."

వెళ్లాం. కింద ఖాళీ గది లేదన్నాడు ప్రిన్సిపాల్.

"ఉంది సర్," అంది ఆమె. "యూనియన్ రూమ్."

కింది అంతస్తులో అన్నింటికంటే పెద్ద గది అది. దాన్ని మా చేతుల్లోంచి లాక్కోవాలని ఆయన ఎన్నాళ్లనుంచో చూస్తున్నాడని అందరికీ తెలుసు. ఆయన మొహం వెలిగిపోయింది. "సెక్రటరీ గారికేమైనా అభ్యంతరమా?" అన్నాడు నా వైపు చూస్తూ.

గది ఇవ్వనంటే పోస్టర్‌లో నేను రాసింది అబద్ధమవుతుంది. ఇస్తానంటే మా వాళ్లు నన్ను బతకనివ్వరు. ఆమె నా వైపు తిరగను కూడా లేదు. అభ్యంతరం లేదన్నట్టు తల ఊపాను.

"పాగల్ హై క్యా?" అని అరిచాడు మా అధ్యక్షుడు. "ఒక్క అమ్మాయి కోసం యూనియన్ రూమే ఇచ్చేస్తావా? ప్రిన్సిపాల్‌కి అమ్ముడుపోయావు!" నన్ను తీసేయాలని ముగ్గురి చేత సంతకాలు పెట్టించాడు. నలుగురు పెడితే పోయేదాన్నే. ఆ నాలుగోవాడికి నా మీదకంటే అధ్యక్షుడి మీదే ఎక్కువ మంట, అందుకే మిగిలాను. మాకు మెట్ల కింద ఉన్న స్టోర్ రూమ్ ఇచ్చారు. సమావేశాల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ప్రిన్సిపాల్ క్షమాపణ పత్రం ఊసే ఎత్తలేదు. గది దొరికాక ఆయనకు దాంతో పనేముంది! తిట్టినా అంత అవమానంగా ఉండేది కాదు.

లిఫ్టు మీద బోర్డు మాత్రం నేను డిగ్రీ పూర్తి చేసి వచ్చేదాకా అలాగే ఉంది.

గది మార్చిన రోజు బెంచీలు మోయడానికి మా సంఘం వాళ్లెవరూ రాలేదు. ఆమె క్లాసు పిల్లలతో కలిసి నేనే మోశాను. చివరి బెంచీ దింపి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. ఆమె కర్ర ఊనుకుంటూ వచ్చింది. ఈరోజైనా ఒక మంచి మాట అంటుందేమోనని ఎదురుచూశాను. అవును, ఎదురుచూశాను.

"జర జరుగక్కా," అంది. "తొవ్వకు అడ్డం నిలబడ్డవ్."

జరిగాను. ఆమె లోపలికి వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది.